2.2 కిలోవాట్ స్పిండిల్‌కి వీఎఫ్‌డీ వైరింగ్: పవర్ ఇవ్వగానే ఆర్‌సీసీబీ పడిపోతోంది

గోదారి_చెక్క:
అందరికీ నమస్కారం. రాజమండ్రి దగ్గర మా పెరటి షెడ్డులో 600 బై 900 మి.మీ. సైజు సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్క చెక్కే మెషీన్) కట్టుకుంటున్నాను. టేకు పలకల మీద పూజగది తలుపుల డిజైన్లు చెక్కాలని కోరిక. ఫ్రేము, దాన్ని కదిలించే స్టెప్పర్ మోటార్లు, వాటిని నడిపే జీఆర్‌బీఎల్ కంట్రోలర్ బోర్డు అన్నీ కుదిరాయి. ఇక బిట్టుని తిప్పే మోటారు, అంటే స్పిండిలే మిగిలింది. నీళ్లతో చల్లబడే రకం, 80 మి.మీ. బాడీ. ప్లేటు మీద 220 వోల్టులు, 8 ఆంప్స్, 400 హెర్ట్జ్, 24000 ఆర్‌పీఎం అని ఉంది. దాన్ని నడిపే డ్రైవ్ (వీఎఫ్‌డీ, అంటే ఫ్రీక్వెన్సీ మార్చి మోటారు స్పీడు మార్చేది) సింగిల్ ఫేజ్ ఇన్‌పుట్‌ది, మెనూలో సెట్టింగులన్నీ పీడీ నంబర్లతో వస్తాయి.

స్పిండిల్ ఇంకా తిప్పలేదు. డ్రైవ్‌కి పవర్ ఇస్తే చాలు, నాలుగింట మూడుసార్లు ఇంటి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (ఎర్త్ లీకేజీ పసిగట్టి కరెంటు తెంపే స్విచ్చు) పడిపోతోంది. ప్రస్తుతానికి 16 ఆంప్స్ ప్లగ్గుతో ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుపుతున్నాను. ఊళ్లో ఎలక్ట్రీషియన్ "ఎర్త్ వైరు పీకేయండి, ఆగిపోతుంది" అన్నాడు. పీకితే నిజంగానే ఆగింది. కానీ మనసొప్పక మళ్లీ పెట్టేసి, డ్రైవ్ ఆఫ్ చేసి ఉంచాను. ఏం చేయమంటారు?

కరీంనగర్_మేకర్:
అన్నా, ఎవ్వలు చెప్పినా సరే ఎర్త్ మాత్రం తియ్యకు. నువ్వు చేత్తో పట్టుకునే మెషీన్ అది, పైకెళ్లి నీళ్లు తిరిగే స్పిండిల్. మన వైండింగ్‌బాబాయ్ వచ్చి వివరంగ చెప్తడు, అప్పటిదాక డ్రైవ్ ముట్టకు.

వైండింగ్‌బాబాయ్:
గోదారి గారూ, మళ్లీ పెట్టి మంచి పని చేశారు. ఆటోనగర్‌లో మా షాపుకి ఇలాంటి కేసులు వస్తూనే ఉంటాయి కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

డ్రైవ్ ఇన్‌పుట్ దగ్గర ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజ్ నుంచి ఎర్త్‌కి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి చిన్న కెపాసిటర్లు వేస్తారు. వాటి గుండా ఎప్పుడూ కొన్ని మిల్లీఆంప్స్ ఎర్త్‌లోకి పోతుంటాయి, పవర్ ఇచ్చిన క్షణంలో ఇంకా ఎక్కువ పోతాయి. 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ సరిగ్గా 30 దగ్గరే పడుతుందని రూలేం లేదు. 15 దాటాక ఎక్కడైనా పడొచ్చు. ఇంట్లో ఫ్రిజ్, కంప్యూటర్, వాషింగ్ మెషీన్ ఇప్పటికే తలా కాస్త లీక్ చేస్తూ ఉంటాయి. మీ డ్రైవ్ వాటి పైన చేరుతోంది.

ఎర్త్ పీకితే ఆ లీకేజీ దారి మూసుకుపోతుంది, అందుకే ట్రిప్ ఆగింది. వోల్టేజి మాత్రం ఎక్కడికీ పోలేదు. డ్రైవ్ బాడీ మీద, స్పిండిల్ మీద, మొత్తం అల్యూమినియం ఫ్రేము మీద కూర్చుంటుంది. రేపు స్పిండిల్ లోపల వైండింగ్ ఎక్కడైనా బాడీకి తగిలితే అదంతా మీ చేతి గుండా నేలకి పోతుంది. షెడ్డు నేల తడిగా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి ముందు ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసేయండి. 2.2 కిలోవాట్ సింగిల్ ఫేజ్ డ్రైవ్ ఫుల్ లోడ్‌లో లైను నుంచి 23, 24 ఆంప్స్ లాగుతుంది. అవుట్‌పుట్ 10 ఆంప్సే కదా అనిపిస్తుంది, కానీ లోపల రెక్టిఫయర్ కరెంటుని సైన్ వేవ్ శిఖరం దగ్గర ముక్కలు ముక్కలుగా లాగుతుంది కాబట్టి లైను మీద భారం ఎక్కువ. 16 ఆంప్స్ ప్లగ్గు పిన్నులు వేడెక్కి నల్లబడతాయి. డీబీ (ఇంటి మెయిన్ డిస్ట్రిబ్యూషన్ బోర్డు) నుంచి విడిగా 4 స్క్వేర్ రాగి వైరు లాగించి, డబుల్ పోల్ సి కర్వ్ 25 ఆంప్స్ ఎంసీబీ (ఓవర్‌లోడ్‌కి పడిపోయే బ్రేకర్) పెట్టి, ఆ లైనుకి సొంత ఆర్‌సీసీబీ వేయించండి. ఇంటి ఆర్‌సీసీబీ తర్వాత కాదు, దానికి పక్కన. పాత లీకేజీలతో దీనికి సంబంధం ఉండకూడదు.

ఈఈఈ_మాస్టారు:
బాబాయ్ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఆర్‌సీసీబీ కొనేటప్పుడు దాని రకం చూడండి. మార్కెట్‌లో చవగ్గా దొరికేది ఏసీ రకం, అది మామూలు సైన్ వేవ్ లీకేజీనే పసిగడుతుంది. డ్రైవ్ అవతల ఫాల్ట్ వస్తే అందులో రకరకాల ఫ్రీక్వెన్సీలు కలిసి ఉంటాయి, ఏసీ రకం వాటికి సరిగా స్పందించకపోవచ్చు. సింగిల్ ఫేజ్ డ్రైవ్‌లకి ఎఫ్ రకం, త్రీ ఫేజ్ ఇన్‌పుట్ డ్రైవ్‌లకి బి రకం సరిపోతాయి. ఎఫ్ రకానికి ఇంకో లాభం ఏమిటంటే, ఆన్ చేసినప్పుడు వచ్చే క్షణిక లీకేజీకి కంగారుపడి పడిపోదు. కోఠి ట్రూప్ బజార్‌లోనో విజయవాడలోనో పెద్ద డీలర్ దగ్గర ఆర్డరు మీద తెప్పిస్తారు. ఖరీదు ఎక్కువే, అయినా పెట్టండి.

ఎర్త్ లీకేజీ 3.5 మిల్లీఆంప్స్ దాటే పరికరాన్ని ప్లగ్గుతో కాకుండా శాశ్వత కనెక్షన్‌తో బిగించమని డ్రైవ్ మాన్యువళ్లు చెప్తాయి. ప్లగ్గు వదులైతే ఎర్త్ పోయినట్టు ఎవరికీ తెలియదు, అందుకు. మీ షెడ్డు ఎర్త్ పిట్ కూడా ఒకసారి ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి. వేసవిలో మట్టి ఎండిపోయి చాలా పిట్‌లు పేరుకే ఉంటాయి.

గోదారి_చెక్క:
ఇద్దరికీ ధన్యవాదాలు. విడిగా లైను లాగించాం, ఎఫ్ రకం ఆర్‌సీసీబీ వేశాం. ఎర్త్ పిట్‌లో పైపు తుప్పు పట్టి ఉంటే కొత్త రాడ్ దింపించాను. ఇప్పుడు డ్రైవ్ ఆన్ చేస్తే ట్రిప్ లేదు. ఇక స్పిండిల్ కలపాలి. యూట్యూబ్‌లో ఒక అమెరికా ఆయన వీడియో చూసి నల్ల వైరు ఫేజ్‌కి, తెల్లది ఇంకో పక్కకి అనుకుంటున్నాను, సరేనా?

డాలస్_గరాజ్:
ఆగండి ఆగండి! అమెరికాలో నల్లది ఫేజ్, తెల్లది న్యూట్రల్, పచ్చది ఎర్త్. మన దేశంలో నల్లది న్యూట్రల్, ఎరుపు ఫేజ్. పైగా ఇక్కడ అమెరికాలో 240 వోల్టుల లైను అంటే రెండు వైర్లూ ఫేజ్‌లే, నల్లది ఒకటి, ఎర్రది ఒకటి, న్యూట్రల్ అక్కర్లేదు. నా గరాజ్‌లో డ్రైవ్ అలాగే కట్టి ఉంది. ఆ బొమ్మ చూసి ఇండియాలో కడితే రంగులన్నీ తారుమారవుతాయి. టెర్మినల్ పేరు చూడండి, మీటర్‌తో కొలవండి, వీడియోలో రంగు చూడకండి.

వైండింగ్‌బాబాయ్:
సరిగ్గా చెప్పారు డాలస్ గారు. గోదారి గారూ, ఇక వరసగా చేద్దాం.

ఫేజ్, న్యూట్రల్ రెండూ ఇన్‌పుట్ టెర్మినళ్లకి. ఆర్, ఎస్, టీ అని మూడుంటే సింగిల్ ఫేజ్‌కి ఏ రెండు వాడాలో మీ మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది, అదే ఖాయం. యూ, వీ, డబ్ల్యూ స్పిండిల్‌కి. పొరపాటున కూడా మెయిన్స్ యూ, వీ, డబ్ల్యూల మీద పడకూడదు, పడితే ఆ క్షణమే డ్రైవ్ లోపల ట్రాన్సిస్టర్లు పోతాయి. పీ, పీఆర్ అని రాసినవి బ్రేకింగ్ రెసిస్టర్‌కి, వాటిని ఖాళీగా వదిలేయండి.

డ్రైవ్‌కి కలపకముందే స్పిండిల్‌ని మీటర్‌తో చూడండి. మూడు పిన్నుల మధ్య ఏ రెండు పట్టుకున్నా ఒకే రెసిస్టెన్స్ రావాలి. ప్రతి పిన్నుకీ బాడీకీ మధ్య ఏమీ రాకూడదు. మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్టర్) ఉంటే 500 వోల్టుల మీద చూడండి, అయితే డ్రైవ్ కలిపి ఉండగా మెగ్గర్ తిప్పొద్దు.

తర్వాత నాలుగో పిన్ను. అందరూ దాటేసేది ఇదే. ఈ స్పిండిళ్ల నెత్తి మీద ఉండే నాలుగు పిన్నుల గుండ్రటి కనెక్టర్‌లో మూడు వైండింగ్‌కి, నాలుగోది ఎర్త్‌కి అని అనుకుంటాం. చాలా స్పిండిళ్లలో ఆ నాలుగో పిన్ను లోపల దేనికీ కలిపి ఉండదు, ఖాళీ. మీరు కేబుల్‌లో పచ్చ వైరు ఎంత బాగా వేసినా అది గాలిలో వేలాడుతున్నట్టే. నాలుగో పిన్నుకీ బాడీకీ మధ్య బీప్ రావాలి. బాడీ మీద కోటింగు ఉంటుంది, అందుకే మీటర్ మొన కొల్లెట్ నట్టు (బిట్టుని బిగించే నట్టు) మీదో స్క్రూ మీదో పెట్టి చూడండి. కింద షాఫ్ట్ బేరింగుల మీద ఉంటుంది కాబట్టి నట్టు మీద బీప్ నమ్మకంగా రాకపోవచ్చు, పై మూత స్క్రూ మీద తప్పకుండా చూడండి.

ఇప్పుడు అసలు ముఖ్యమైన మాట. స్పిండిల్ కలిపి, బటన్ నొక్కేయకండి. ఈ డ్రైవ్‌లు చాలావరకు మామూలు 50 హెర్ట్జ్ మోటార్ల సెట్టింగుతో ఫ్యాక్టరీ నుంచి వస్తాయి. అంటే 50 హెర్ట్జ్ దగ్గరే 220 వోల్టులు పంపిస్తుంది. మీ స్పిండిల్ 400 హెర్ట్జ్ దగ్గర 220 తినడానికి చుట్టింది. అంటే హెర్ట్జ్‌కి 0.55 వోల్టు. 50 హెర్ట్జ్ దగ్గర దానికి అందాల్సింది 27.5 వోల్టులే. దాని మీద 220 పడితే ఎనిమిదింతలు. ఐరన్ కోర్ సాచురేట్ అయిపోయి, కరెంటుకి అడ్డు చెప్పేది రాగి తీగ రెసిస్టెన్స్ ఒక్కటే మిగులుతుంది. షాఫ్ట్ నెమ్మదిగా తిరుగుతుంటే "మెల్లగా తిప్పుతున్నాం కదా, భద్రమే" అనుకుంటారు. లోపల ఎనామిల్ మాడుతూ ఉంటుంది. మా దగ్గరికి వచ్చిన ఒక స్పిండిల్ విప్పితే వైండింగ్ మొత్తం ఒకే నలుపు. అది ఒక ఫేజ్ పోయిన మోటారులా ఉండదు, మూడూ సమానంగా మాడి ఉంటాయి. చూడగానే తెలిసిపోతుంది, మొదటిసారి ఆన్ చేసినప్పుడే పోయిందని. ఇంత మంచి సామాను కొనుక్కుని ఒక్క నంబరు మార్చక కాల్చుకుంటున్నారంటే నాకు చాలా బాధేస్తుంది.

ఈఈఈ_మాస్టారు:
ఆ నంబర్లు నేను రాస్తాను. మీరు చెప్పిన పీడీ నంబర్లు హువాన్‌యాంగ్ హెచ్‌వై సిరీస్ మెనూవి. వేరే బ్రాండ్ అయితే ఇవి పనికిరావు, మాన్యువల్ చూడాలి.

ముందు పీడీ013 లో 8 పెట్టి ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, ముందు ఎవరైనా ఏమైనా మార్చి ఉంటే పోతుంది. తర్వాత పీడీ005, అంటే గరిష్ఠ ఫ్రీక్వెన్సీ, 400. దాని తర్వాతే పీడీ004, బేస్ ఫ్రీక్వెన్సీ, 400. ఈ వరస పాటించండి, పీడీ005 పెరగకుండా మిగతావి దాన్ని దాటి పైకి పోనివ్వవు. పీడీ008, గరిష్ఠ వోల్టేజి, 220 వోల్టులు. పీడీ011 కనిష్ఠ పరిమితి 120 పెట్టండి, అంటే 7200 ఆర్‌పీఎం కన్నా కింద స్పిండిల్ నడవదు. తక్కువ స్పీడులో టార్క్ ఉండదు, చెక్కలో ఇరుక్కుపోతుంది. పీడీ072, ఫ్రీక్వెన్సీ పై పరిమితి, 400. పీడీ141 లో మోటారు వోల్టేజి 220, పీడీ142 లో మీ ప్లేటు మీది 8 ఆంప్స్, పీడీ143 లో పోళ్లు 2. పీడీ144 లో 3000. ఇది 50 హెర్ట్జ్ దగ్గర స్పీడు, దీన్ని బట్టే డిస్‌ప్లే 400 దగ్గర 24000 చూపిస్తుంది. పీడీ014, పీడీ015 యాక్సిలరేషన్, డిసిలరేషన్ టైములు, మొదట 10 సెకన్లు చాలు. డిసిలరేషన్ మరీ తక్కువ పెడితే తిరుగుతున్న స్పిండిల్ జనరేటరులా మారి డీసీ బస్ వోల్టేజి పెంచుతుంది, ఓవర్ వోల్టేజి ట్రిప్ వస్తుంది.

పీడీ001 (రన్ ఆదేశం ఎక్కడి నుంచి), పీడీ002 (స్పీడు ఎక్కడి నుంచి) రెండూ సున్నాలోనే, అంటే ప్యానెల్ మీదే ఉంచండి. ప్యానెల్ బటన్‌తో తిరగడం చూశాకే కంప్యూటర్‌తో కలపాలి.

కరీంనగర్_మేకర్:
ఒక మాట, విప్పేటప్పుడు డిస్‌ప్లే ఆరిపోయిందని చెయ్యి పెట్టకు అన్నా. లోపల కెపాసిటర్లల్ల 325 వోల్టుల డీసీ ఉంటది. మాన్యువల్ ఎన్ని నిమిషాలంటే అన్ని ఆగి, డీసీ మీద పెట్టి కొలిచి, తర్వాత ముట్టు.

గోదారి_చెక్క:
బాబాయ్ గారూ, మీరన్నది నిజం. నాలుగో పిన్నుకీ బాడీకీ బీప్ లేదు. పై మూత నాలుగు స్క్రూలు విప్పి చూస్తే పిన్ను వెనక సోల్డర్ కూడా పెట్టలేదు, అంత శుభ్రంగా ఉంది. మూత లోపలి అంచున కోటింగు గీకి, మెరిసే లోహం కనపడ్డాక స్టార్ వాషర్‌తో లగ్ బిగించి, అక్కడి నుంచి పిన్నుకి వైరు సోల్డర్ చేశాను, స్లీవ్ తొడిగాను. ఇప్పుడు మూత మీద, బాడీ మీద, చివరికి ఫ్రేము మీద పెట్టినా బీప్ వస్తోంది. సెట్టింగులన్నీ మాస్టారు చెప్పిన వరసలోనే పెట్టి పంపు ఆన్ చేసి తిప్పాను. 120 నుంచి 400 వరకు ఎక్కడా వణుకు లేదు, కరెంటు ఖాళీగా తిరిగేటప్పుడు చాలా తక్కువే చూపిస్తోంది.

కానీ కొత్త సమస్య. స్పిండిల్ తిరుగుతుంటే మధ్యలో యూఎస్‌బీ తెగిపోతోంది. కొన్నిసార్లు ఏ స్విచ్చూ తగలకుండానే హార్డ్ లిమిట్ అలారం వస్తోంది. కేబుల్ మామూలు నాలుగు కోర్లది, షీల్డ్ లేదు, డ్రాగ్ చైన్‌లో లిమిట్ స్విచ్ వైర్లతో కలిసే వెళ్తోంది.

కరీంనగర్_మేకర్:
కారణం నువ్వే చెప్పినవ్ అన్నా, ఆఖరి లైన్ల. డ్రైవ్ నుంచి స్పిండిల్‌కి పోయేది సైన్ వేవ్ కాదు. సెకనుకు వేలసార్లు 300 వోల్టులు ఆన్, ఆఫ్ అయ్యే చదరపు పల్సులు. షీల్డ్ లేని కేబుల్ యాంటెన్నా లెక్క పనిచేస్తది. షీల్డ్ ఉన్న నాలుగు కోర్ల 1.5 స్క్వేర్ కేబుల్ తెచ్చుకో. హైదరాబాద్ పోతే రాణిగంజ్‌ల మీటర్ల లెక్కన ఇస్తరు. చైన్‌ల లిమిట్ వైర్లు ఒక అంచుకు, స్పిండిల్ కేబుల్ ఇంకో అంచుకు పెట్టు, నడుమ ఖాళీ ఉండాలె. డ్రైవ్ వైపు ఒక్క చివరే షీల్డ్ ఎర్త్ చెయ్యి.

ఈఈఈ_మాస్టారు:
కేబుల్ విషయంలో ఏకీభవిస్తాను, షీల్డ్ ఒక్క చివరే అన్నదానితో మాత్రం కాదు. ఒక చివరే కట్టమనేది లిమిట్ స్విచ్, 0-10 వోల్ట్ లాంటి సన్న సిగ్నల్ వైర్లకి వర్తించే నియమం. అక్కడ గ్రౌండ్ లూప్ వల్ల వచ్చే హమ్ సమస్య. మోటార్ కేబుల్‌లో సమస్య మెగాహెర్ట్జ్‌లలో ఉంటుంది. ఆ కరెంటు షీల్డ్ గుండానే డ్రైవ్‌కి తిరిగి రావాలి. ఒక చివర తెరిచి ఉంటే దారి లేక ఫ్రేము గుండా, మీ కంట్రోలర్ గ్రౌండ్ గుండా తిరుగుతుంది. అందుకే డ్రైవ్ మాన్యువళ్లు రెండు చివర్లా కట్టమంటాయి.

కరీంనగర్_మేకర్:
మాస్టారూ, నా మెషీన్‌ల ఒక్క చివర కడితేనే ఏండ్ల నుంచి నడుస్తున్నది.

ఈఈఈ_మాస్టారు:
నడవచ్చు, మీ కేబుల్ పొట్టిది, ఫ్రేము ఎర్త్ బాగుంది. గోదారి గారి కనెక్టర్ వెనక లోహపు క్లాంప్ ఉంటే షీల్డ్ జడని వెనక్కి మడిచి దాని కింద నొక్కండి. డ్రైవ్ వైపు జడని పొడవుగా మెలిపెట్టి తోకలా చేయకుండా, ఇన్సులేషన్ గుండ్రంగా చెక్కి లోహపు క్లాంప్‌తో ప్లేటు మీద నొక్కితే బాగా పనిచేస్తుంది. ఒక్కటి మాత్రం ఖాయం: షీల్డ్ ఎక్కడ కట్టినా అది పచ్చ ఎర్త్ వైరుకి బదులు కాదు. రెండూ ఉండాలి.

వైండింగ్‌బాబాయ్:
లిమిట్ స్విచ్‌లు నార్మల్లీ క్లోజ్డ్‌గా మార్చుకోండి గోదారి గారూ. వైరు తెగినా మెషీన్ ఆగుతుంది, నాయిస్ కూడా తక్కువ పట్టుకుంటుంది. బోర్డు దగ్గర ప్రతి ఇన్‌పుట్‌కీ చిన్న ఆర్‌సీ ఫిల్టర్ వేస్తే ఇంకా మంచిది.

కొత్తగా_సీఎన్‌సీ:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నా దగ్గర కార్పెంటర్ ట్రిమ్ రౌటర్ ఉంది, స్పీడ్ తగ్గించడానికి దానికి ఇలాంటి డ్రైవ్ పెట్టొచ్చా?

వైండింగ్‌బాబాయ్:
వద్దు. అది కార్బన్ బ్రష్‌లున్న యూనివర్సల్ మోటారు, సింగిల్ ఫేజ్‌ది. వీఎఫ్‌డీ త్రీ ఫేజ్ ఇండక్షన్ మోటారుకి. మీ రౌటర్ మీదున్న స్పీడ్ చక్రమే దానికి సరైనది.

గోదారి_చెక్క:
షీల్డ్ కేబుల్ వేసి, రెండు చివర్లా క్లాంప్ చేశాను. లిమిట్లు నార్మల్లీ క్లోజ్డ్ చేశాను. యూఎస్‌బీ తెగడం ఆగింది. పలక మీద నెమలి పింఛం మొత్తం చెక్కాను, ఒక్క అలారం రాలేదు. ఇప్పుడు స్పీడు కంప్యూటర్ నుంచే ఇవ్వాలి, ఎమర్జెన్సీ స్విచ్ పెట్టాలి.

ఈఈఈ_మాస్టారు:
ఆర్డుయినో ఊనో మీద జీఆర్‌బీఎల్ 1.1 అయితే స్పీడు సిగ్నల్ (పీడబ్ల్యూఎం పల్సులు) 11వ పిన్ను మీద వస్తుంది. దాన్ని నేరుగా డ్రైవ్‌కి కలపొద్దు, ఆప్టో ఐసొలేషన్ ఉన్న 0-10 వోల్ట్ కన్వర్టర్ మాడ్యూల్ మధ్యలో పెట్టండి. లేదంటే డ్రైవ్ గ్రౌండు, మీ ల్యాప్‌టాప్ గ్రౌండు ఒకటైపోతాయి. మాడ్యూల్ అవుట్‌పుట్ వీఐ, ఏసీఎం టెర్మినళ్లకి. ఎఫ్‌ఓఆర్‌ని డీసీఎంకి కలిపితే రన్, దాన్ని రిలే ద్వారా కలపండి. అప్పుడు పీడీ001 లో 1, పీడీ002 లో 1. పీడీ070 లో 0 అంటే 0-10 వోల్ట్. కొన్ని మోడళ్లలో ప్యానెల్ నాబ్‌కీ వీఐకీ మధ్య జంపర్ మార్చాలి. జీఆర్‌బీఎల్‌లో $30=24000, $32=0. ఎం3 ఎస్12000 (12000 ఆర్‌పీఎం దగ్గర తిప్పమనే ఆదేశం) ఇస్తే వీఐ మీద 5 వోల్టులు, డిస్‌ప్లే మీద 200 హెర్ట్జ్ రావాలి. రాకపోతే మాడ్యూల్ మీద ట్రిమ్ స్క్రూ తిప్పండి.

వైండింగ్‌బాబాయ్:
ఎమర్జెన్సీ గురించి: డ్రైవ్‌కీ స్పిండిల్‌కీ మధ్య ఏ స్విచ్చూ, కాంటాక్టరూ పెట్టకండి. తిరుగుతుండగా ఆ లైను తెగితే వచ్చే స్పార్కుకి డ్రైవ్ పోవచ్చు. తిరుగుతుండగా కనెక్టర్ పీకడం కూడా అంతే. మెయిన్స్ ఒక్కటే కట్ చేస్తే డ్రైవ్ బతుకుతుంది కానీ స్పిండిల్‌ని ఆపేవాడు ఉండడు, 24000 నుంచి దానంతటదే తగ్గేదాకా బిట్టు తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి ఎర్ర బటన్‌కి రెండు కాంటాక్టులు పెట్టండి. ఒకటి రన్ సిగ్నల్‌ని వెంటనే తెంపాలి, డ్రైవ్ స్పిండిల్‌ని తగ్గించి ఆపుతుంది. రెండోది టైమర్ ద్వారా కొన్ని సెకన్ల తర్వాత ఇన్‌పుట్ కాంటాక్టర్‌ని వదలాలి. అలా పెడితే రెండు పనులూ జరుగుతాయి. స్టెప్పర్ల పవర్ మాత్రం వెంటనే పోవాలి.

పంపు నీటి దారిలో ఫ్లో స్విచ్ పెట్టి దాన్ని కూడా రన్ సిగ్నల్‌తో సిరీస్‌లో వేయండి. నీళ్లు ఆగితే స్పిండిల్ తిరగకూడదు.

గోదారి_చెక్క:
5 వోల్టుల దగ్గర 197 హెర్ట్జ్ చూపించింది, ట్రిమ్ స్క్రూతో 200 కి తెచ్చాను. ఎస్6000 ఇచ్చినా 120 హెర్ట్జ్ దగ్గరే ఆగుతోంది, అది పీడీ011 వల్ల అని అర్థమైంది. ఇక డ్రైవ్‌ని మూసిన ఇనప పెట్టెలో పెడదామంటే మా దగ్గర మే నెలలో షెడ్డు లోపల పొయ్యిలా ఉంటుంది. బయట పెడితే టేకు పొడి. ఏది మేలు?

వైండింగ్‌బాబాయ్:
పెట్టెలోనే పెట్టండి, పెట్టెని గాలి తిరిగేలా చేయండి. మామూలుగా డ్రైవ్‌ల రేటింగ్ చుట్టూ 40 డిగ్రీల వరకే, అది దాటితే లోడ్ తగ్గించుకోవాలి. పెట్టెకి కింద ఫిల్టర్ గుడ్డ ఉన్న ఇన్‌లెట్ ఫ్యాన్, పైన ఎగ్జాస్ట్ జాలీ. ఫ్యాన్ లోపలికి ఊదితే పెట్టెలో ఒత్తిడి పెరిగి పొడి సందుల్లోంచి రాదు. డ్రైవ్‌కి పైనా కిందా జానెడు ఖాళీ ఉంచండి. అల్యూమినియం కోసే ఆలోచన ఉంటే ఫిల్టర్ ఇంకా ముఖ్యం, ఆ పొడి బోర్డు మీద పడితే షార్టే. ఎండాకాలంలో భారీ కోతలు ఉదయం పెట్టుకోండి. ఫిల్టర్ గుడ్డ వారం వారం దులపండి, దులిపే ముందు ఎంసీబీ దించండి.